రెండు 366ల నడుమ

రంజీ ట్రోఫీలో ఒక జట్టు ఒక్క ఇన్నింగ్స్‌లో చేసిన అతి పెద్ద స్కోరు హైదరాబాద్‌ది. ఆరు వికెట్లకు 944, డిక్లేర్డ్. 1994 జనవరి, సికింద్రాబాద్ జింఖానా మైదానం. ఎం.వి. శ్రీధర్ 366. వివేక్ జయసింహ 211. నోయెల్ డేవిడ్ 207 నాటౌట్. ఈ ముగ్గురివీ కూడితే 784. తక్కినవాళ్లందరూ ఎక్‌స్ట్రాలతో కలిపి చేసింది 160.

ఈ లెక్క చదివి నోరు వెళ్లబెట్టేవాళ్లు చాలామంది. అవతల బంతి వేసింది ఎవరని అడిగేవాళ్లు తక్కువ. వేసింది ఆంధ్ర జట్టు. అంటే మనోళ్లు.

కర్నూలు, కడప మనుషులకు ఆంధ్ర ‘మన జట్టు’ ఎట్లా అయిందో కాస్త చెప్పుకోవాలి. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి కర్నూలు రాజధాని అయింది. కట్టడాలు చాలక గుడారాల్లో ఆఫీసులు నడిపిన రాజధాని అది. ఆ ఏటి సీజన్‌లోనే ఆంధ్ర పేరుతో ఒక జట్టు రంజీల్లోకి తొలిసారి అడుగుపెట్టింది. కెప్టెన్ సి.కె. నాయుడు. ఇండియా మొదటి టెస్టు కెప్టెన్, నాగపూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబం బిడ్డ. అప్పటికి ఆయనకు యాభై ఎనిమిదేళ్లు. రాజధాని గుడారాల్లో, జట్టు ఒక ముసలి సింహం చేతుల్లో. మూడేళ్లు తిరిగేసరికి 1956 నవంబర్ 1న రాజధాని హైదరాబాద్‌కు తరలిపోయింది. గుడారాలు పీకేశారు. సెక్రటేరియట్ పోయింది, మంత్రులు పోయారు, ఫైళ్లు పోయాయి. క్రికెట్ జట్టు ఒక్కటి మాత్రం పోలేదు. రాష్ట్రాలు కలిసినా క్రికెట్ సంఘాలు కలవలేదు. ఆంధ్ర ఆంధ్రగానే మిగిలింది, హైదరాబాద్ హైదరాబాద్‌గానే ఉండిపోయింది. ఒకే రాష్ట్రం, ఒకే ముఖ్యమంత్రి, రంజీల్లో రెండు జట్లు. రెండూ సౌత్ జోన్‌లోనే కాబట్టి ఏటా ఎదురుపడక తప్పేది కాదు.

కర్నూలు నుంచి హైదరాబాద్‌కు రెండు వందల కిలోమీటర్ల చిల్లర. విశాఖకు ఏడు వందల దాకా. చదువుకైనా, ఉద్యోగానికైనా, పెద్దాసుపత్రికైనా సీమ జనం బస్సెక్కి పోయేది హైదరాబాద్‌కే. క్రికెట్ ఆడాలంటే మాత్రం కర్నూలు పిల్లగాడు విశాఖ, గుంటూరు వైపు చూడాలి. బతుకు ఒక దిక్కు, జట్టు ఇంకో దిక్కు. ఇక్కడ అజహరుద్దీన్ పోస్టరు గోడకు అంటించుకున్నవాడే రంజీ సీజన్‌లో పేపరు క్రీడల పేజీ అడుగున, చీమల్లాంటి అక్షరాల్లో, ఆంధ్ర ఎంత కొట్టిందా అని వెతుక్కున్నాడు. 1994 జనవరిలో అట్లా వెతికినవాడికి దొరికింది 944.

ఆ ఇన్నింగ్స్‌లో 944 కంటే నన్ను ఎక్కువ కలవరపెట్టే అంకె ఇంకోటి ఉంది. శ్రీధర్ క్రీజులోకి వచ్చినప్పుడు హైదరాబాద్ స్కోరు ఒక వికెట్‌కు 30. అతను వెనక్కి నడిచినప్పుడు ఐదు వికెట్లకు 880. అంటే ఒక్క మనిషి వికెట్ల ముందు నిలబడి ఉండగా ఎదుటి జట్టు 850 పరుగులు ఇచ్చుకుంది. ఒక బ్యాట్స్‌మన్ క్రీజులో ఉండగా అన్ని పరుగులు రావడం అప్పటికి ఫస్ట్‌క్లాస్ క్రికెట్‌లో ఎక్కడా జరగలేదు. ఆ 850 పరుగుల పొడవునా బంతి చేతికి తీసుకుని, వెనక్కి నడిచి, మళ్లీ పరుగెత్తుకొచ్చినవాళ్లు ఉన్నారు కదా. కరువు పనిలో మన్ను మోసినట్టు మోశారు వాళ్లు. తట్ట మీద తట్ట ఎత్తుతున్నా గుంత పూడదు, మేస్త్రీ పొద్దుగూకిందనడు. వాళ్లలో ఎవరి పేరూ ఈరోజు కడప వీధిలో ఎవరికీ గుర్తులేదు. శ్రీధర్ పేరు గుర్తుంది. స్కోరుకార్డు రాసే పద్ధతే అంత. కొట్టినవాడిది కథ అవుతుంది, వేసినవాడిది ఖర్చు కింద జమ అవుతుంది.

ఇట్లాంటి చోట ఓడినవాళ్లు ఏం చేయగలరు? 1948 డిసెంబర్‌లో పుణేలో మహారాష్ట్ర తరఫున బి.బి. నింబాల్కర్ 443 నాటౌట్‌తో ఉన్నాడు. బ్రాడ్‌మన్ పేరిట ఉన్న 452 ప్రపంచ రికార్డును దాటడానికి ఇంకో పది పరుగులు కావాలి. అవతలి జట్టు కాఠియావాడ్. కెప్టెన్ రాజ్‌కోట్ ఠాకూర్ సాహెబ్, అంటే సంస్థానాధీశుడు. మహారాష్ట్ర నాలుగు వికెట్లకు 826 మీద ఉంది. ఇక డిక్లేర్ చేయండన్నాడు. చేయకపోయేసరికి జట్టును వెంటబెట్టుకుని వెళ్లిపోయాడు. ఆట అక్కడితో సరి. పరువు కోసం ఒక రికార్డును మధ్యలోనే నలిపేశాడని ఇప్పటికీ తిట్టుకుంటారు. నేను తిట్టలేను. 826 పరుగులు ఇచ్చుకున్నవాడికి కోపం రావడంలో వింతేముంది? సింహాసనం ఉన్నవాడు కాబట్టి లేచి పోగలిగాడు. ఆంధ్ర బౌలర్లకు ఆ వీలు లేదు. ఫీజో, ఉద్యోగమో, వచ్చే ఏడు జట్టులో చోటో పోతుంది.

బాస్కెట్‌బాల్‌లోనూ ఇట్లాంటి రాత్రి ఒకటుంది. 1962 మార్చి 2న అమెరికాలో హెర్షీ అనే ఊళ్లో ఫిలడెల్ఫియా వారియర్స్ ఆటగాడు విల్ట్ ఛాంబర్లేన్ ఒక్క మ్యాచ్‌లో 100 పాయింట్లు చేశాడు. చూడ్డానికి వచ్చిన జనం 4,124 మంది. వారియర్స్ 169, న్యూయార్క్ నిక్స్ 147. బుట్టలోకి 63 సార్లు విసిరి 36 వేశాడు, 32 ఫ్రీ త్రోల్లో 28 వేశాడు. ఈ అంకెలు ఆ ఆటను ప్రేమించేవాళ్లకు కంఠతా వచ్చు. అదే లెక్కల కాగితంలో ఇంకో వరుస ఉంది. ఛాంబర్లేన్‌ను అడ్డుకోవాల్సిన నిక్స్ సెంటర్ డారల్ ఇమ్‌హాఫ్ ఫౌళ్లు ఎక్కువై కోర్టు మీద ఉన్నది 20 నిమిషాలే, చేసినవి 7 పాయింట్లు. నిక్స్‌లోనే రిచీ గెరిన్ ఆ రాత్రి 39 పాయింట్లు చేశాడు. ఇంకెప్పుడైనా అయితే మరునాడు పేపర్లో పతాక శీర్షిక అయ్యేవాడు. ఆ 39 ఇప్పుడు వెతికితే తప్ప కనపడదు.

సరే, హైదరాబాద్ దగ్గరికి వద్దాం. అసలు పడిపోయింది ఆ జట్టే.

ఆంధ్రను 944తో తొక్కిన హైదరాబాద్ అంతకు మూడేళ్ల ముందు తానే తొక్కించుకుంది. 1990-91 సెమీఫైనల్‌లో బొంబాయి వాళ్లు ఆరు వికెట్లకు 855 కొట్టారు. సంజయ్ మంజ్రేకర్ ఒక్కడే 377. ఆ రెండు మూడు రోజులు హైదరాబాద్ కుర్రాళ్లు బంతి వెనక పరుగెత్తారు. 1994లో జింఖానాలో ఆ పరుగు ఆంధ్ర వంతైంది. దెబ్బ తిన్నవాడు తన కంటే చిన్నవాణ్ని చూసుకుని కసి తీర్చుకోవడం ఊళ్లలోనే కాదు, స్కోరుకార్డుల్లోనూ ఉంటుంది.

అయినా హైదరాబాద్ చిన్నా చితకా జట్టు కాదు. 1937-38లో నవానగర్ మీద ఒక్క వికెట్ తేడాతో ఫైనల్ గెలిచి రంజీ ఎత్తుకొచ్చింది. గులాం అహ్మద్, అబ్బాస్ అలీ బేగ్, అబిద్ అలీ ఆడారు. ఎం.ఎల్. జయసింహ ఏళ్ల తరబడి కెప్టెన్. దేశానికి కెప్టెన్‌గా ఉన్న పటౌడీ నవాబు హైదరాబాద్‌కు మాత్రం జయసింహ కింద ఆడేవాడు. చిత్రమేమిటంటే, అంత మంది వీరులున్న ఆ రోజుల్లో రంజీ ఒక్కసారీ రాలేదు. వచ్చింది 1986-87లో, ఎం.వి. నరసింహారావు కెప్టెన్‌గా, ఢిల్లీని వాళ్ల ఫిరోజ్‌షా కోట్లాలోనే ఓడించి. అబ్దుల్ అజీమ్ తమిళనాడు మీద 303 నాటౌట్ కొట్టింది ఆ సీజన్‌లోనే. జింఖానాలో 211 చేసిన వివేక్, జయసింహ కొడుకే. తండ్రికి అందని రంజీ కొడుకు తరానికి అందింది. ఆ తర్వాత మళ్లీ రాలేదు.

చివరి వెలుగు 1999-2000. వి.వి.ఎస్. లక్ష్మణ్ ఆ ఒక్క రంజీ సీజన్‌లో 1,415 పరుగులు చేశాడు, ఎనిమిది శతకాలతో. జట్టును ఫైనల్ దాకా భుజాన మోసుకుపోయాడు. ఫైనల్లో ముంబై గెలిచింది. 1,415 ఒక మనిషి సత్తా అని అందరూ మెచ్చుకున్నారు. తక్కిన పది మందీ ఏం చేస్తున్నారని అప్పుడే అడిగి ఉండాల్సింది.

2002 నవంబర్లో పదిహేడేళ్ల అంబటి రాయుడు వచ్చాడు. ఒకే మ్యాచ్‌లో 210, 159 నాటౌట్. ఎవరి మీద? మళ్లీ ఆంధ్ర మీదే. గుంటూరులో పుట్టిన పిల్లవాడు హైదరాబాద్ టోపీ పెట్టుకుని ఆంధ్రను ఉతికాడు. ఇంకేం, ఇంకో లక్ష్మణ్ దొరికాడనుకున్నారు. మధ్యలో ఒక సీజన్ ఆంధ్రకు ఆడి తిరిగొచ్చాడు. 2007లో భారత క్రికెట్ బోర్డు గుర్తింపు లేని ఇండియన్ క్రికెట్ లీగ్ పెట్టినప్పుడు హైదరాబాద్ హీరోస్ పేరుతో అక్కడొక జట్టు తయారైంది. రాయుడుతో పాటు రంజీ ఆటగాళ్లు కొందరు అందులోకి నడిచారు. బోర్డు నిషేధం వేసింది, 2009లో క్షమించింది. క్షమించాక 2010లో రాయుడు బరోడాకు వెళ్లిపోయాడు. ఇంట్లో ఉండలేని పరిస్థితి ఉంటే తప్ప ఎవడూ పొరుగూరికి కాపురం మార్చడు.

ఆ ఇంటి సంగతి పేపర్లలో క్రీడల పేజీ నుంచి మొదటి పేజీకి ఎక్కుతూ ఉండేది. సంఘంలో వర్గాలు, క్లబ్బుల ఓట్లు, కోర్టు కేసులు. అది ఎక్కడిదాకా పోయిందంటే, 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు జస్టిస్ ఎల్. నాగేశ్వరరావును ఏకసభ్య కమిటీగా వేసి హైదరాబాద్ క్రికెట్ సంఘం పనులు చూడమని చెప్పాల్సి వచ్చింది.

మళ్లీ రాయుడు వెళ్లిపోయిన ఏటికి వద్దాం. రంజీల్లో బలమైన జట్లను ఎలైట్ అనీ తక్కినవాటిని ప్లేట్ అనీ విడగొట్టిన కాలం అది. 2010లో హైదరాబాద్ ప్లేట్‌లో ఉంది. సీజన్ తొలి మ్యాచ్ జైపూర్ సవాయ్ మాన్‌సింగ్ స్టేడియంలో, రాజస్థాన్‌తో. తేదీ నవంబర్ 1. హైదరాబాద్ రాజధానిగా ఆంధ్రప్రదేశ్ పుట్టిన రోజు, కర్నూలు తన రాజధానిని అప్పగించిన రోజు. ఇక్కడ కలెక్టరేట్లలో జెండాలు ఎగరేసి ప్రసంగాలు చేస్తుండగా అక్కడ దీపక్ చాహర్ అనే పద్దెనిమిదేళ్ల కుర్రాడు తన మొదటి ఫస్ట్‌క్లాస్ మ్యాచ్‌లో బంతి అందుకున్నాడు. 7.3 ఓవర్లు, 10 పరుగులు, 8 వికెట్లు. హైదరాబాద్ ఇన్నింగ్స్ మొత్తం సాగింది 15.3 ఓవర్లు. స్కోరు 21.

రంజీ మొదలైన 1934-35 సీజన్‌లో సదరన్ పంజాబ్ 22కు ఆలౌటైంది. డెబ్భై అయిదేళ్లుగా అంతకంటే తక్కువకు ఎవరూ పడలేదు. హైదరాబాద్ పడింది. రాజస్థాన్ 403 చేసింది, రెండో ఇన్నింగ్స్‌లో హైదరాబాద్ 126, ఇన్నింగ్స్ మీద 256 పరుగుల ఓటమి. ఆ సీజన్‌లో ప్లేట్ నుంచే లేచి రాజస్థాన్ రంజీ గెలిచింది. ఫైనల్లో ఓడింది రాయుడు వెళ్లి చేరిన బరోడా. రంజీ రికార్డుల పట్టికలో అతి పెద్ద స్కోరు ఎదురుగా, అతి చిన్న స్కోరు ఎదురుగా ఒకే పేరు నిలిచింది.

మన వైపు ఎవరైనా చంకలు గుద్దుకున్నారా? 944 తిన్న ఆంధ్రకు ఆ రోజు పండగ కావాలి. కాలేదు. ఈ ప్రాంతం నుంచి పిల్లలు చదువుకుపోయి, ఉప్పల్లోనో సికింద్రాబాద్‌లోనో టిక్కెట్టు కొనుక్కుని మ్యాచ్ చూసొచ్చిన ఊరది. పైగా పోగొట్టుకోవడమంటే ఏమిటో కర్నూలుకు ఒకరు చెప్పాల్సిన పనిలేదు.

శ్రీధర్ అప్పటికి ఆట మానేసి చాలా కాలమైంది. ఆయన పుట్టింది విజయవాడలో. అవును, ఆంధ్ర మీద 366 కొట్టినవాడు కృష్ణ ఒడ్డున పుట్టినవాడే. మెడిసిన్ చదివిన డాక్టరు. 97 ఫస్ట్‌క్లాస్ మ్యాచ్‌లు, 6,701 పరుగులు, 21 శతకాలు, సగటు 49కి దగ్గర. ఇండియా టోపీ ఒక్కసారీ దొరకలేదు. సచిన్, అజహర్, కాంబ్లీ, మంజ్రేకర్ ఉన్న రోజుల్లో మధ్య వరుసలో చోటు ఎక్కడిది? నాలుగు వన్డేలైనా ఆడే అదృష్టం జింఖానాలో తోడుగా నిలిచిన నోయెల్ డేవిడ్‌కు దక్కింది, 1997లో. శ్రీధర్ తర్వాత హైదరాబాద్ సంఘంలో పనిచేశాడు, బోర్డులో క్రికెట్ కార్యకలాపాల జనరల్ మేనేజర్ అయ్యాడు, 2017 సెప్టెంబర్లో దిగిపోయాడు. అక్టోబర్ 30న హైదరాబాద్‌లో గుండెపోటుతో పోయాడు. యాభై ఒక్క ఏళ్లు. మరునాటి పేపర్లన్నీ 366ను తలుచుకున్నాయి. మనిషి చనిపోయినప్పుడు కూడా వెంట వచ్చింది ఆ అంకే.

ఈలోగా కడపకు సొంత మైదానాలు వచ్చాయి. వై.ఎస్. రాజారెడ్డి పేరిట ఆంధ్ర సంఘం స్టేడియం ఒకటి, కె.ఎస్.ఆర్.ఎం. ఇంజనీరింగ్ కాలేజీ మైదానం ఒకటి. దేశంలో నలుమూలల జట్లూ ఇప్పుడు ఇక్కడికొచ్చి ఆడతాయి. వీరపునాయునిపల్లె మండలం నుంచి పోయి 2025లో ప్రపంచకప్ గెలిచిన జట్టులో 14 వికెట్లు తీసిన శ్రీచరణి వల్ల కడప పేరు ఇప్పుడు అందరికీ తెలుసు. అది సంబరంగా రాసుకోవాల్సిన వేరే కథ. ఇది అది కాదు. 2020 ఫిబ్రవరి 25న కె.ఎస్.ఆర్.ఎం. మైదానంలో పందొమ్మిదేళ్లలోపు అమ్మాయిల వన్డే. చండీగఢ్ 186 చేసింది. ఆ జట్టు కెప్టెన్ కశ్వీ గౌతమ్ 4.5 ఓవర్లు వేసి 12 పరుగులిచ్చి పదికి పది వికెట్లూ తీసింది. అవతల అరుణాచల్ ప్రదేశ్, 25 ఆలౌట్. దేశానికి ఆ కొసన ఉన్న కొండల నుంచి ఈ కొసకు రైళ్లు మారి, బస్సులు మారి, కడప ఎండలోకి వచ్చిన పిల్లలు వాళ్లు. తొమ్మిది ఓవర్లైనా పూర్తిగా నిలవలేదు. కశ్వీ వీడియో దేశమంతా తిరిగింది. ఆ పదకొండు మంది ఆ సాయంత్రం ఏ హోటల్లో ఏం తిన్నారో ఎవరు రాశారు?

2024 ఫిబ్రవరిలో రాజారెడ్డి స్టేడియంలో ఇంకోటి. ఇరవై మూడేళ్లలోపు వాళ్లు ఆడే సి.కె. నాయుడు ట్రోఫీ. ఆంధ్ర ఓపెనర్ వంశీకృష్ణ రైల్వేస్ స్పిన్నర్ మీద ఒకే ఓవర్లో ఆరు సిక్సర్లు కొట్టాడు. బోర్డు వాళ్లే ఆ ముక్క లోకానికి చూపించారు. ఆంధ్ర 378 చేసింది. ఆ తర్వాత రైల్వేస్ తొమ్మిది వికెట్లకు 865 కొట్టింది. సి.కె. పేరున్న ట్రోఫీలో, సి.కె. ఒకనాడు నడిపిన జట్టు మీద. ఆరు సిక్సర్ల వీడియో చూసినవాళ్లలో ఆ 865 సంగతి ఎంతమందికి తెలుసో!

దానికి నెల ముందు, 2024 జనవరి 26న, హైదరాబాద్ మళ్లీ ప్లేట్‌లోనే ఉంది. అంతకుముందు సీజన్‌లో ఎలైట్ నుంచి కిందికి పడింది. ఎదురుగా అరుణాచల్ ప్రదేశ్, ఈసారి మగవాళ్ల జట్టు, 2018లో రంజీల్లోకి వచ్చిన జట్టు. తన్మయ్ అగర్వాల్ 147 బంతుల్లో మూడు వందలు దాటాడు. ఫస్ట్‌క్లాస్ క్రికెట్‌లో అంతకంటే వేగంగా ఎవరూ దాటలేదు. మొదటి రోజు ముగిసేసరికి జట్టు ఒక వికెట్‌కు 529. మరునాడు అతను ఔటయ్యాడు. 181 బంతులు, 26 సిక్సర్లు, 366 పరుగులు.

సరిగ్గా 366. ముప్ఫై ఏళ్ల తర్వాత, అదే జనవరిలో, అదే జట్టు తరఫున.

తన్మయ్‌ను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. 26 సిక్సర్లు చెట్టు కింద కూర్చుంటే రాలవు. కానీ హైదరాబాద్ పతనం ఎంత లోతో నాకు 21లో కనపడదు. ఎంత గొప్ప జట్టుకైనా ఒక చెడ్డ పొద్దు వస్తుంది, పచ్చిక మీద తేమ ఉంటుంది, ఒక కుర్రాడి చేయి తిరుగుతుంది. లోతు కనపడేది ఈ రెండో 366లో. జయసింహ, పటౌడీ, అజహర్, లక్ష్మణ్ ఆడిన జట్టు తన గత వైభవం అంకెను మళ్లీ అందుకోవడానికి ఆరేళ్ల కిందట పుట్టిన జట్టు ముందు నిలబడాల్సి వచ్చింది. శ్రీధర్ 366 సౌత్ జోన్‌లో పక్కింటివాడి మీద కొట్టినది. ఆ పక్కింటివాడికి కూడా అప్పుడు హైదరాబాద్‌తో పోటీ పడే పని లేకపోయింది. ఆ సీజన్‌లో ఆంధ్ర ఎలైట్‌లో ఉంది.

ప్లేట్ ఫైనల్లో హైదరాబాద్ మేఘాలయను ఓడించి మరుసటి ఏడు ఎలైట్‌లోకి తిరిగొచ్చింది. 944, 21 రెండూ ఇంకా దాని పేరు మీదే ఉన్నాయి.